భోజనం బాగోలేదని చెప్పాక హోటల్ వారు ఇచ్చేదాన్ని ఎంతవరకు తీసుకోవచ్చు?

మీరు రాసిన సంగతిని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మానాన్నల పెళ్లిరోజుకని ఆరుగురు కలిసి బెంజి సర్కిల్ దగ్గర ఒక రెస్టారెంటుకు వెళ్లారు. బిర్యానీ చల్లారిపోయి వచ్చింది, మటన్ వేపుడులో ముక్క ఉడకలేదు. మీరు చెప్పగానే మేనేజర్ వచ్చి క్షమాపణ కోరి, వేపుడు ధరను బిల్లులోంచి తీయించి, అందరికీ కుబానీ కా మీఠా పంపించారు. రెండు రోజుల తరువాత ఫోన్ చేసి, కుటుంబంతో మరొకసారి వచ్చి తమ అతిథులుగా భోజనం చేయమని అడిగారు. వెళ్లవచ్చా, వెళితే ఎంతవరకు ఆర్డర్ చేయవచ్చు, గూగుల్‌లో మీరు పెట్టిన రెండు నక్షత్రాల రివ్యూను తీసేయాలా, "ఊరికే పెడతామంటే తినడానికి వెళ్తామా" అంటున్న మీ నాన్నగారికి ఏం చెప్పాలి అన్నవి మీ సందేహాలు.

నా సమాధానం: వెళ్లవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. జరిగిన లోపానికి తగిన పరిహారాన్ని వాళ్లంతట వాళ్లు ఇస్తున్నప్పుడు ఒక్కసారి, మొహమాటం లేకుండా తీసుకోండి. దాన్ని పెంచమని బేరం ఆడవద్దు, దానికి బదులుగా మీ అభిప్రాయాన్ని మార్చుకోవద్దు. మిగిలిన వివరాలన్నీ ఈ రెండు మాటల్లోంచి వచ్చేవే.

నేను విజయవాడలోనూ గుంటూరులోనూ రెస్టారెంట్ల నిర్వహణలో చాలాకాలంగా ఉన్నాను. బల్ల దగ్గర క్షమాపణ చెప్పడం, బిల్లులో ఏది తీసేయాలో నిర్ణయించడం నా రోజువారీ పనిలో భాగం. మనవైపు కుటుంబాల్లో ఎక్కువమంది అసలు చెప్పరు. అన్నం ముందు కూర్చుని గొడవ ఎందుకని పెద్దవాళ్లు వారిస్తారు, సగం వదిలేసి డబ్బు కట్టి వెళ్లిపోతారు, తరువాత ఆ హోటల్ మొహం చూడరు. బంధువుల్లో పదిమందికి మాత్రం చెబుతారు. నిర్వాహకులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం కలిగించేది ఇదే, ఎందుకంటే లోపం ఎక్కడ జరిగిందో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. మీరు అక్కడికక్కడ చెప్పడం వాళ్లకు మేలు చేసిన పని. మేనేజర్ మళ్లీ ఫోన్ చేశారంటే ఆ మేలును గుర్తించారని అర్థం చేసుకోవచ్చు.

మీరు చెప్పిన తరువాత లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. వడ్డించేవాళ్ల పని చూసుకునే కెప్టెన్ ఆ ప్లేటును కిచెన్‌లోకి తీసుకెళతాడు. వంట మాస్టర్ ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూస్తాడు. ఉడికిన మటన్ అయితే పీచు విడిపోయి వేళ్లకు అంటుకుంటుంది, ఉడకనిదైతే రబ్బరులాగా తిరిగి ఉబ్బుతుంది, ఎముక పక్కన ఎర్రజీర కనిపిస్తుంది. చాలా హోటళ్లలో మటన్‌ను వాయిల లెక్కన ముందే ఉడకబెట్టి ఉంచుకుని, ఆర్డర్ వచ్చినప్పుడు వేపుడుకో కూరకో వాడతారు కాబట్టి, ఒక ప్లేటులో ముక్క ఉడకలేదంటే ఆ వాయి మొత్తాన్ని అనుమానించవలసిందే. మంచి మాస్టర్ వెంటనే ఆ గిన్నెను మళ్లీ పొయ్యి మీద పెట్టిస్తాడు. మీ ఫిర్యాదు వల్ల మీ తరువాత వచ్చిన బల్లలకు సరైన కూర వెళ్లిందన్నమాట. ఆ తరువాత ఆర్డర్ స్లిప్పును రద్దు చేయాలి. బిల్లింగ్ కంప్యూటర్లో ఒకసారి ఎక్కిన ఐటమ్‌ను బల్ల దగ్గర వడ్డించే సప్లయర్ తన ఇష్టప్రకారం తీసేయలేడు, మేనేజర్ పాస్‌వర్డ్ కొట్టి కారణం రాయాలి, రాత్రి లెక్క చూసేటప్పుడు యజమాని ఆ జాబితాను అడుగుతారు. అందువల్ల ఒక ఐటమ్ తీసేయడం బయటకు కనిపించేంత తేలికైన పని కాదు. మేనేజర్ ఆ బాధ్యతను తన మీద వేసుకున్నారు.

ఎప్పుడు చెప్పాలి: రెండు ముద్దలు తినగానే. ప్లేటు ఖాళీ అయ్యాక బిల్లు వచ్చినప్పుడు "మటన్ బాగోలేదు" అంటే, అది నిజమే అయినా, మేనేజర్‌కు చూడడానికి ఏమీ మిగలదు. అలాంటి సందర్భంలో డబ్బు తగ్గించమని అడగడం సబబు కాదని నా అభిప్రాయం. ఊరికే తెలియజేయవచ్చు. మీరు సమయానికే చెప్పారు కాబట్టి ఈ విషయంలో మీకు సంకోచం అక్కరలేదు.

నచ్చకపోవడం వేరు, లోపం వేరు అన్న తేడాను కూడా ఇక్కడే చెప్పాలి. గుంటూరు లక్ష్మీపురంలో నేను పనిచేస్తున్న రోజుల్లో, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక కుటుంబం గోంగూర మటన్ తెప్పించుకుని కారానికి తట్టుకోలేక పక్కన పెట్టేసింది. కూరలో దోషం లేదు, ముక్క చక్కగా ఉడికింది, ఆ కారం మా ప్రాంతపు కారమే. వాళ్లకు ముద్దపప్పు, నెయ్యి, గడ్డపెరుగు పంపించి వాటికి డబ్బు తీసుకోలేదు. గోంగూర మటన్‌కు మాత్రం తీసుకున్నాను, కారణం చెబితే వాళ్లు కూడా న్యాయమేనని ఒప్పుకున్నారు. వంటకం చేయవలసిన పద్ధతిలోనే ఉండి మన నోటికి పడకపోతే పరిహారం ఆశించకూడదు. చల్లారిన బిర్యానీ, ఉడకని ముక్క, అడిగినది ఒకటైతే వచ్చినది మరొకటి, గంటసేపు నిరీక్షణ, వీటిని మాత్రం ఎవరైనా లోపాలనే అంటారు.

ఇక హోటల్ వారు ఇచ్చేవాటిలో ఏది దేనికి సరిపోతుందో చూద్దాం. సమయం ఉంటే అదే వంటకాన్ని మళ్లీ చేసి ఇవ్వడం అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే మీరు వెళ్లింది భోజనానికి. మీతోపాటు కూర్చున్నవాళ్లు తినడం పూర్తి కావస్తుంటే మాత్రం ఇరవై నిమిషాల తరువాత వచ్చే వేపుడు ఎవరికీ పనికిరాదు. అప్పుడు "మళ్లీ వద్దండి, బిల్లులోంచి తీసేయండి" అని మీరే చెప్పవచ్చు, అది అమర్యాద కాదు. ఉచితంగా పంపే స్వీటు మర్యాద కోసం ఇచ్చేది, దాన్ని ప్రధాన వంటకానికి బదులుగా లెక్కించనక్కరలేదు. అయితే ప్రేమగా పంపినప్పుడు వెనక్కి పంపవద్దు, ఒక్క చెంచా అయినా రుచి చూడండి. తరువాతిసారికి పనికివచ్చే కూపన్ అన్నిటికన్నా బలహీనమైనది, ఎందుకంటే అది మీచేత మళ్లీ ఖర్చు పెట్టిస్తుంది. మీ సందర్భంలో చల్లారిన బిర్యానీకి ఆరోజు ఏమీ తగ్గించలేదు, దాన్ని మార్చలేదు కూడా. మేనేజర్ ఇంటికి వెళ్లాక ఆలోచించుకుని, వేపుడు ఒక్కదానితో లెక్క సరిపోలేదని గ్రహించి ఉంటారు. అందుకే ఈ ఆహ్వానం ఎక్కువేమీ కాదని అంటున్నాను.

బిల్లు గురించి రెండు ముక్కలు. మామూలు రెస్టారెంట్లలో 2017 నవంబరు 15 నుంచి జీఎస్టీ 5 శాతం, అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. ఒక ఐటమ్‌ను తీసేసినప్పుడు దాని మీద పన్ను కూడా పోవాలి. 420 రూపాయల వేపుడును తీసేస్తే మీకు తగ్గవలసింది 441 రూపాయలు. పన్నంతా పాత మొత్తం మీదనే వేసి కింద 420 మాత్రం తీసేసిన బిల్లులు నేను చూశాను. ఎక్కువసార్లు అది క్యాషియర్ తొందరలో చేసే పొరపాటే, కాబట్టి నెమ్మదిగా చూపిస్తే సరిచేస్తారు. బిల్లులో చూపిన తగ్గింపు మీద పన్ను పడదన్నది చట్టంలోనే ఉంది. ఇక సర్వీస్ చార్జి అని వేరే గీత కనిపిస్తే, దాన్ని తీసేయడం మీకు చేసిన ఉపకారం కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. "సర్వీస్ చార్జి తీసేశాం కదా" అని దాన్నే పరిహారంగా చూపిస్తే ఒప్పుకోనక్కరలేదు.

ఆహ్వానానికి వెళ్లేటప్పుడు. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మర్యాద నిలబడేదీ పోయేదీ ఇక్కడే.

ముందు మేనేజర్‌కు ఫోన్ చేసి, ఏ రోజు వస్తున్నారో, ఎంతమంది వస్తున్నారో చెప్పండి. ఆయన పేరు, చెప్పిన మాట వాట్సాప్‌లో ఒక చిన్న సందేశంగా ఉంటే మంచిది. "మీరు చెప్పినట్లు గురువారం రాత్రి ఆరుగురం వస్తున్నామండీ" అని రాస్తే చాలు. మీరు వెళ్లే రోజు ఆయన సెలవులో ఉంటే కౌంటర్ దగ్గర వివరించుకోవలసిన ఇబ్బంది తప్పుతుంది. ఆదివారం మధ్యాహ్నాన్ని ఎంచుకోవద్దు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే యాత్రికులతో విజయవాడ హోటళ్లు కిటకిటలాడతాయి కాబట్టి ఆ రోజులూ వద్దు. రద్దీ లేని వారంమధ్య రాత్రి వెళితే వాళ్లు కూడా మిమ్మల్ని సరిగా చూసుకోగలరు, బిర్యానీ వేడిగా వస్తుంది.

మొదటిసారి ఎంతమంది వెళ్లారో అంతమందే వెళ్లండి. ఆర్డర్ కూడా మొదటి బిల్లుకు అటూఇటూగా ఉండేట్టు చూసుకోండి. ఆరోజు ఏమేం తిన్నారో దాదాపు అవే తెప్పించుకోవడం ఉత్తమం, ఆ వంటలనే సరిగా చేసి చూపించాలని వాళ్ల కోరిక. ఆరోజు తీసుకోని రొయ్యల వేపుడో, పెద్ద చేపో కావాలనిపిస్తే తెప్పించుకోండి, కానీ "ఇది మా ఖాతాలో వేయండి" అని ముందే చెప్పి దానికి డబ్బు ఇవ్వండి. వద్దంటారు, అయినా ఇవ్వండి. పార్శిల్ కట్టించుకోవద్దు, మిగిలిన అన్నమో కూరో అయితే అభ్యంతరం లేదు. ఒకచోట నలుగురిని పిలిస్తే తొమ్మిదిమంది వచ్చి, వెళుతూ మూడు బిర్యానీలు పార్శిల్ చెప్పారు. యజమాని ఆరోజు ఒక్క మాట అనలేదు. కానీ ఆ వారం నుంచి ఆ హోటల్లో మేనేజర్లకు అలా పిలిచే అధికారం తీసేశారు. తరువాత నిజంగా నష్టపోయిన కస్టమర్లకు ఒక స్వీటు ఇప్పించాలన్నా యజమానికి ఫోన్ చేయవలసి వచ్చింది.

టిప్పును పూర్తి బిల్లు మీద లెక్క వేసి ఇవ్వండి. బిల్లు సున్నా అయినా మీకు వడ్డించిన మనిషి ఆరుగురికి పని చేశాడు. ఈ విషయం చాలామంది మరచిపోతారు, సప్లయర్లు మాత్రం మరచిపోరు.

ఇంకొక మాట. కొన్ని హోటళ్లలో వెనక్కి పంపిన ఐటమ్ ఖరీదును సప్లయర్ జీతంలోంచో మాస్టర్ జీతంలోంచో కోస్తారు. నేను పనిచేసిన చోట్ల దీన్ని ఎప్పుడూ వ్యతిరేకించాను, ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. ఉడకని మటన్‌కు బల్ల దగ్గరి కుర్రవాడు కారణం కాదు. మీకు అనుమానం ఉంటే, బల్ల దగ్గర కాకుండా పక్కకు పిలిచి, "ఈ డబ్బు సప్లయర్ మీద వేయరు కదండీ? అలాగైతే మాకు వద్దు" అని మేనేజర్‌తో చెప్పండి. కస్టమర్ నోటి నుంచి ఆ మాట వస్తే కోత ఆగిపోవడం నేను చూశాను. మర్యాద అన్నది మీకూ యజమానికీ మధ్యనే ఆగిపోకూడదు.

రివ్యూ సంగతి. తీసేయవద్దు. భోజనం పెట్టినందుకు రివ్యూ తీసేస్తే అది అమ్ముకున్నట్లే అవుతుంది. గూగుల్ నియమాల ప్రకారం కూడా వ్యాపారులు ఏదైనా ఇచ్చి రివ్యూ రాయించుకోవడం, మార్పించుకోవడం, తీయించుకోవడం నిషిద్ధం. అయితే పాతదాన్ని అలాగే వదిలేయడం కూడా న్యాయం కాదు. మళ్లీ వెళ్లి తిన్నాక అదే రివ్యూ కింద, మొదటిసారి ఏం జరిగిందో, చెప్పినప్పుడు వాళ్లు ఎలా స్పందించారో, రెండోసారి ఎలా ఉందో, రెండోసారి భోజనం వాళ్లే పెట్టారన్న సంగతితో సహా రాయండి. నక్షత్రాలు పెంచాలా వద్దా అన్నది ఆ రెండో భోజనం చూశాక మీరు నిర్ణయించుకోవలసిన విషయం. మేనేజర్ ఫోన్‌లోనే "రివ్యూ తీసేస్తే రండి" అన్నట్లు మాట్లాడితే ఆ ఆహ్వానాన్ని వదిలేయండి. అదేవిధంగా మనవైపు నుంచి "ఇది చేయకపోతే రివ్యూ పెడతాను" అనడం కూడా తప్పే, అలా అడిగి తెచ్చుకున్నదాన్ని పరిహారం అనలేం.

స్విగ్గీలోనో జొమాటోలోనో తెప్పించుకున్న భోజనం బాగోలేకపోతే యాప్‌లో ఫోటో పెట్టి అక్కడే తేల్చుకోండి. యాప్ డబ్బు తిరిగి ఇచ్చాక హోటల్‌కు కూడా ఫోన్ చేసి మరొక బిర్యానీ అడిగేవాళ్లు ఉన్నారు. ఒక తప్పుకు రెండుచోట్ల వసూలు చేయడం సరికాదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా రుచికి, వేడికి, ఉడకడానికి సంబంధించినది. కూరలో పురుగు, పాచిపోయిన వాసన, తిన్న తరువాత వాంతులు, విరేచనాలు అయితే లెక్క వేరు. అక్కడ మొహమాటానికి చోటు లేదు. బిల్లులోంచి తీసేసినా, కూపన్ ఇచ్చినా మీ ఫిర్యాదు హక్కు పోదు. ఫోటో, బిల్లు, డాక్టర్ చీటీ దాచుకోండి. 2022 జనవరి 1 నుంచి హోటల్ బిల్లు మీద పద్నాలుగు అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉండాలి, ఆ నంబరుతో ఆహార భద్రతా అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, మీరు చెల్లించిన విలువ అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కలుషితమైన ఆహారం వల్ల ఆరోగ్యం దెబ్బతింటే 2006 ఆహార భద్రతా చట్టంలోని 65వ సెక్షన్ వేరే పరిహారం చెబుతుంది. మామూలు హానికి లక్ష రూపాయల వరకు, తీవ్రమైన హానికి మూడు లక్షల వరకు, ప్రాణం పోతే అయిదు లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని అందులో ఉంది. అందుకే అలాంటి సందర్భంలో "ఇంతటితో సమస్య తీరిపోయింది" అని రాసి ఉన్న కాగితం మీద, వెయ్యి రూపాయల కూపన్ కోసం, బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టవద్దు.

చివరికి మీ నాన్నగారి విషయం. ఆయన అభ్యంతరంలో న్యాయం ఉంది. ఆ తరం వాళ్లకు డబ్బు ఇవ్వకుండా హోటల్లో తినడం అంటే ఎవరికో రుణపడినట్లు ఉంటుంది. దాన్ని వాదించి గెలవవలసిన అవసరం లేదు. ఆరోజు భోజనానికి డబ్బు కట్టింది మీరు, నష్టపోయిందీ మీరే, అది ఆయన పెళ్లిరోజు కాబట్టి వాళ్లు ఆయనను గౌరవించాలనుకుంటున్నారు అని ఒకసారి చెప్పి చూడండి. మేనేజర్‌తో మీరు ముందుగా మాట్లాడి, ఆయనే స్వయంగా నాన్నగారికి ఫోన్ చేసి పిలిచేట్టు చేస్తే ఇంకా మంచిది. మా దగ్గర కొందరు పెద్దలు ఆ ఒక్క పిలుపుతో మెత్తబడ్డారు. అప్పటికీ ఒప్పుకోకపోతే బలవంతం చేయవద్దు, ఆయనను ఇంట్లో ఉంచి మిగిలినవాళ్లు వెళ్లడం కూడా బాగుండదు. అలాంటప్పుడు మేనేజర్‌కు ఫోన్ చేసి, "మీరు పిలిచినందుకు చాలా సంతోషమండీ. నాన్నగారికి ఊరికే తినడం ఇష్టం ఉండదు. మేమే ఒకరోజు వచ్చి డబ్బు కట్టి తింటాం, ఆరోజు బిర్యానీ వేడిగా ఉండేట్టు మీరు దగ్గరుండి చూసుకోండి, చాలు" అని చెప్పండి. వెళ్లే రోజు పొద్దున ఒక సందేశం పెట్టండి, మాస్టర్‌కు ముందే చెప్పి ఉంచుతారు.